ఏ నక్షత్రంలో పోవాలి

అంబులెన్సు గేటు దాకా వచ్చేసింది. వెనక తలుపులు తెరిచి, డ్రైవరూ అతనితో వచ్చిన మనిషీ స్ట్రెచర్ దించబోతున్నారు. మా ఆవిడ వెళ్ళి స్ట్రెచర్ అంచు మీద చెయ్యి వేసి, "ఎవరు పిలిచారయ్యా మిమ్మల్ని?" అని అడిగింది.

డ్రైవరు పైకి చూశాడు. మేడ మెట్ల మీద ఇంటి ఓనరమ్మ నిలబడి ఉంది.

"నేనే పిలిచానండీ డాక్టరు గారూ. లోపల ఆ మనిషికి బాగోలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలిగా?"

"ఆవిడకి బాగోలేక చాలా కాలమైంది. ఇవాళ కొత్తగా ఏమైంది?"

"ఏమవ్వాలండీ ఇంకా? రేపట్నుంచి పంచకాలు."

మా ఆవిడ డాక్టరు. లోపల మంచం మీద ఉన్నావిడ ఆమె పేషెంటు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఏళ్ళ తరబడి కాయలకు తొడిమలు తీసిన కూలి మనిషి. క్యాన్సర్ వెన్నెముకలోకి పాకింది. ఆమె భర్త ట్రాలీ ఆటో నడుపుతాడు, సీజన్లో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తోలతాడు. ఆ సమయంలో అతను వాకిట్లో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఓనరమ్మ మాట వినాలో, డాక్టరు మాట వినాలో తెలియక ఒకసారి పైకీ ఒకసారి కిందకీ చూస్తున్నాడు.

లోపలి నుంచి పేషెంటు గొంతు వినిపించింది. "డాక్టరమ్మా, అంబులెన్సా వచ్చింది? కుయ్ కుయ్ మని మోగలేదేం? నా మొహానికి ఆ మోత కూడా దండగనుకున్నారా?"

మా ఆవిడ గుమ్మం దగ్గరకు వెళ్ళి, "నువ్వే చెప్పమ్మా. వెళ్తావా?" అంది.

"పోతే ఏం జేస్తారు?"

"ఊపిరి ఆగబోతే గొంతులో గొట్టం వేస్తారు. మిషన్ పెడతారు. మీ ఆయన్ని బయట కూర్చోబెడతారు."

"జబ్బు తగ్గుద్దా?"

"తగ్గదు."

"అయితే నేనెందుకు పోతా? నా మంచం ఇక్కడుంది, నా పొయ్యి ఇక్కడుంది. ఇన్నేళ్ళు ఉన్న ఇంట్లో చావటానిక్కూడా పర్మిషన్ కావాలంటయ్యా నాకు?"

మా ఆవిడ డ్రైవరు వైపు తిరిగింది. "విన్నారుగా. పేషెంటు రానంటోంది. మీరు బయల్దేరండి."

"మేడం, మరి పైన ఆమె..."

"పైన ఆమెకి జబ్బేమీ లేదు. వెళ్ళండి."

అంబులెన్సు సందులో వెనక్కి తిప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎదురుగా మిర్చి బస్తాలతో లారీ. చుట్టుపక్కల వాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. నేను కారు పక్కకు తీసి దారిచ్చాను. పత్రికలో ఉద్యోగం అయిపోయాక నాకు మిగిలిన ఉద్యోగం అదే. ఆవిడ ఏ ఊరు వెళ్ళాలంటే ఆ ఊరికి కారు నడపడం.

మా ప్రాంతం వాళ్ళకి పంచకాలంటే విడమర్చి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ధనిష్ఠ రెండో సగం నుంచి రేవతి దాకా ఉన్న నక్షత్రాల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటికి దోషమంటారు. కొన్ని నెలలపాటు ఇల్లు ఖాళీ చేసి తాళం వేయాలి. సొంత ఇల్లయితే ఆ బాధ ఇంటివాళ్ళదే. పక్కింట్లోనో బంధువుల దగ్గరో సర్దుకుంటారు. అద్దె ఇల్లయితే బాధ ఓనరుది. అందుకని అద్దె ఇంట్లో మనిషి మంచాన పడగానే ఓనర్లు పంచాంగం తీస్తారు. "ఆస్పత్రిలో చేర్చండి" అంటారు. ఆస్పత్రికి నక్షత్ర దోషం లేదు మరి. అక్కడ ఎవరు ఎప్పుడు పోయినా ఏ గదికీ తాళం పడదు. మా ఊళ్ళో ఎన్నో ఐసీయూల్లో వెంటిలేటర్ల మీద ఉన్నవాళ్ళలో కొందరిని అక్కడికి చేర్చింది జబ్బు కాదు, అద్దె ఇల్లు. ఈ సంగతి నేను పత్రికలో ఉన్నన్నాళ్ళూ ఏ పేజీలోనూ రాయలేదు, ఎవరూ రాయలేదు. అందరికీ తెలిసిన విషయం వార్త కాదనుకునేవాళ్ళం.

అంబులెన్సు వెళ్ళిపోయాక ఓనరమ్మ మెట్లు దిగి వచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఇది రాయకపోతే అన్యాయం. ఆవిడా పేషెంటూ ఏళ్ళ తరబడి ఒకే టీవీ ముందు కూర్చుని సీరియళ్ళు చూసినవాళ్ళు. ఒకరి ఇంటి చింతకాయ పచ్చడి ఇంకొకరి ఇంట్లో అయిపోయేది.

"నేనేం రాక్షసినా డాక్టరు గారూ? పిల్లకి పెళ్ళి పెట్టుకున్నాను. కింద పోర్షన్‌కి దోషం పట్టిందంటే పైన పందిరెయ్యనిస్తారా మగపెళ్ళివాళ్ళు? రేపు పొద్దుటి లోపల అయిపోతుందో లేదో ఒక్క మాట చెప్పండి."

"రోజులు నేను చెప్పను."

ఓనరమ్మ గొంతు తగ్గించింది. "ఆ మాత్రలూ అవీ మీ చేతిలోనేగా ఉన్నాయి. ఎట్టాగూ ఉండే మనిషి కాదు. కాస్త ముందూ వెనకా..."

మా ఆవిడ ఆవిడకేసి చాలాసేపు చూసింది. నేను ఆ చూపు ఎరుగుదును. నా మీద కూడా రెండు మూడు సార్లు పడింది.

"నా మందు ఆవిడ నొప్పికమ్మా, మీ పంచాంగానికి కాదు. ఇంకోసారి ఈ మాట నా దగ్గర అనొద్దు. ఎవరి దగ్గరా అనొద్దు."

ఆ సాయంత్రం నుంచి మా ఆవిడ ఆ ఇంటికి పూటపూటా వెళ్ళింది. తను లేనప్పుడు ఇంకో అంబులెన్సు రాకుండా చూడమని పేషెంటు భర్తకి గట్టిగా చెప్పింది. అతను తన ట్రాలీ ఆటోని గేటుకి అడ్డంగా పెట్టేశాడు. అది తియ్యకుండా లోపలికి స్కూటర్ కూడా పోదు.

ఇదంతా ఎందుకు చేస్తుందని నన్ను అడగని వాళ్ళు లేరు. పెళ్ళిళ్ళలో అడిగారు, బ్యాంకులో అడిగారు. మా ఆవిడ మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చే పని. గుంటూరు కొత్తపేటలో ఏ ఆస్పత్రికి వెళ్ళినా పిలిచి కుర్చీ వేసే రోజులుండేవి. అది వదిలేసి, ఇక బతకరని అందరూ వదిలేసిన మనుషుల ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టింది. వెనకాల "చావు డాక్టరు" అంటారని ఆవిడకి తెలుసు. ముందు దేవత అంటారు. రెండోదే ఎక్కువ కోపం తెప్పిస్తుంది ఆవిడకి. "దేవతనంటే ఇక ఇంకెవరూ ఈ పని చెయ్యక్కర్లేదని అర్థం. నన్ను దేవతని చేసి వీళ్ళు తప్పుకుంటున్నారు" అంటుంది.

ఒకసారి ఒక సర్జను, మాకు స్నేహితుడే, విందులో పదిమంది ముందూ వేళాకోళం చేశాడు. "మేడం, ఇన్నేళ్ళ సర్వీసులో మీ పేషెంట్లు ఒక్కరైనా బతికి బట్టకట్టారా?"

"మీ పేషెంట్లలో ఒక్కరైనా చావకుండా మిగిలారా సార్?" అని ఆవిడ ముక్కల పులుసు వడ్డించుకుంది.

పత్రికవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళకి కావలసిన కారణం ఒకటుంటుంది. ఇంట్లో ఎవరో క్యాన్సర్‌తో పోయి ఉండాలి, ఆ దుఃఖంలోంచి ఈవిడ పుట్టి ఉండాలి. ఆ మూస నాకు బాగా తెలుసు. నేనే అటువంటి కథనాలు దిద్ది పంపినవాడిని. మా ఆవిడ విషయంలో అలాంటిదేమీ లేదు. వాళ్ళ అమ్మగారు నిక్షేపంగా ఉన్నారు, ఫోన్లో కూతురితో రోజూ దెబ్బలాడతారు. వాళ్ళ నాన్నగారు భోజనం చేసి పడుకుని నిద్రలో పోయారు. దుఃఖం వల్ల కాదు, కోపం వల్ల వచ్చింది ఈ పనిలోకి. ఆ కోపం ఎక్కడ మొదలైందో నేను చూశాను కాబట్టి చెప్పగలను.

దర్శి అవతలి నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు. దవడ మీద పుండు. థియేటర్లో మా ఆవిడే మత్తిచ్చింది. కోసి చూసి, లోపలంతా పాకిందని తేలి, మూసేశారు. ఆ కాసేపూ అతనికి నొప్పి తెలియలేదు. మర్నాడు వార్డు మీదుగా నడుస్తుంటే అతని అరుపులు వినిపించాయట. నర్సు, "డిశ్చార్జి రాసేశారు మేడం, ఇక చేసేదేమీ లేదని చెప్పేశారు" అందట. మా ఆవిడ సర్జన్ దగ్గరకు వెళ్ళి నొప్పికి ఏం రాశారని అడిగింది. మామూలు జ్వరానికి వేసే మాత్ర రాశారు. అదేమిటంటే, "ఇంటికెళ్ళేవాడికి ఏం రాస్తాం మేడం?" అన్నారట.

ఇంటికొచ్చి నాతో ఒకటే మాట. "వాళ్ళు కత్తి పెట్టే రెండు గంటలు నేను నొప్పి లేకుండా చూస్తాను. కత్తి తీసేశాక అతని నొప్పి ఎవరిదీ కాదా?"

ఆదివారం నన్ను కారు తియ్యమంది. పత్తి ఏరే కాలం. దారి పొడుగునా చేలల్లో ఆడవాళ్ళు నడుముకి సంచులు కట్టుకుని వంగి ఉన్నారు. ఊరు చేరాక రైతు ఇల్లు అడిగితే చూపించారు గానీ, ఆయన ఇంట్లో లేడు. వెనకాల గొడ్ల పాకలో మంచం వేశారు. పుండు వాసనకి ఇంట్లో ఎవరూ అన్నం తినలేకపోతున్నారట. భార్య ముక్కుకి కొంగు కట్టుకుని వచ్చి గిన్నె మంచం పక్కన పెట్టి వెళ్ళిపోతుందట. "ఆయన్ని వదిలేశామనుకోబాకండమ్మా. ఓర్చుకోలేకపోతున్నాం" అని ఏడ్చింది.

పుండులో పురుగులు ఉన్నాయి. మా ఆవిడ టర్పెంటైన్ నూనె తడిపిన గుడ్డ పెట్టి, అవి పైకి వచ్చాక ఒక్కొక్కటీ తీసింది. ఆ తరవాత విరేచనాలకి వాడే మాత్రలు, ఏ మందుల షాపులోనైనా దొరికేవి, పొడి చేసి పుండు మీద చల్లింది. రోజూ అలాగే చెయ్యమని భార్యకి చూపించింది. అంతే. నేను పక్కనే ఉన్నాను, అందులో గొప్ప వైద్యమేమీ నాకు కనపడలేదు.

తరవాతి వారం వెళ్ళేసరికి మంచం ఇంట్లో ఉంది. వాసన తగ్గింది. భార్య మంచం మీద అతని పక్కన కూర్చుని జావ తాగిస్తోంది. అతను మాట్లాడలేడు. మా ఆవిడని చూసి రెండు చేతులూ ఎత్తబోతే ఈవిడ గద్దించింది, "ఊరుకోండి, ముందు జావ తాగండి" అని.

తిరుగు ప్రయాణంలో అద్దంకి దాటాక అంది: "వాసన తగ్గిస్తే మనిషి ఇంట్లోకి వస్తాడని నా చదువులో ఎవరూ చెప్పలేదండీ. 'చేసేదేమీ లేదు' అని మాత్రం నేర్పించారు. అబద్ధం నేర్పించారు. చెయ్యాల్సింది అక్కడే మొదలు."

ఆ రైతు బతకలేదు. నాలుగైదు వారాల తరవాత సొంత ఇంట్లో పోయాడు. మా ఆవిడ కేరళ వెళ్ళి, జబ్బు తగ్గనివాళ్ళ బాధ తగ్గించే ఈ వైద్యం కొన్నాళ్ళు నేర్చుకుని వచ్చింది. ఆస్పత్రులవాళ్ళు పిలవడం మానేశారు. మానేస్తే మానేశారు.

ఆవిడ వల్ల ఇదే పనిలో ఉన్న మరికొందరు డాక్టర్లను కలిశాను. ఎందుకొచ్చారని అడిగాను. అడగడం నా పాత అలవాటు. ఎవరూ త్యాగం గురించి మాట్లాడలేదు. ఒకాయన, "నాకు మనుషులతో మాట్లాడటం ఇష్టమండీ, మిగతా డిపార్టుమెంట్లలో తీరిక లేదు" అన్నాడు. చీరాల నేతగాళ్ళ ఇంటి నుంచి వచ్చిన ఒకమ్మాయి, "మగ్గం గుంటలో కూర్చునేవాళ్ళు నడుం నొప్పి అని వెళ్తే, తల ఎత్తకుండానే మందు రాసి పంపేవాళ్ళు సార్. మాట పూర్తిగా వినే డాక్టరు ఒక్కరైనా ఉండాలిగా, నేనే అవుదామనుకున్నా" అంది. ఇంకొకాయన నవ్వి, "అబద్ధాలాడటం చేతకాక వచ్చాను" అన్నాడు.

ఆ చివరి మాట ముఖ్యం. మా వైపు క్యాన్సర్ అని రోగికి చెప్పరు. గడ్డ అంటారు, ఇన్ఫెక్షన్ అంటారు, వేడి చేసిందంటారు. ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకుని నవ్వుతూ గదిలోకి వెళ్తారు. రోగి వాళ్ళకంటే బాగా నటిస్తాడు. మా ఆవిడ పెట్టుకున్న నియమం ఒక్కటే: అడగని వాళ్ళకి చెప్పను, అడిగితే అబద్ధం చెప్పను. దీని మీద ఎన్నో ఇళ్ళలో తిట్లు తింది.

తొడిమలు తీసే ఆవిడ మొదటి రోజే అడిగింది. భర్త మందులు తేవడానికి బయటికి వెళ్ళగానే, "నాది పెద్ద జబ్బేగా డాక్టరమ్మా?" అంది.

"అవునమ్మా."

"నాకు తెలుసు. తెలుసని మా ఆయనకి చెప్పబాకండి. బెంగెట్టుకుంటాడు."

అతను గుమ్మంలో మా ఆవిడని ఆపి అన్నదీ అదే. "దానికి తెలియనీబాకండి మేడం, తట్టుకోలేదు." మా ఆవిడ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "మీ ఇద్దరికీ తెలుసు. ఇక నన్ను మధ్యలో పెట్టకండి" అని చెప్పి బయటికి వచ్చేసింది. కాసేపటికి లోపల్నుంచి పేషెంటు తిట్లు వినిపించాయి, "ఏడవమాకయ్యా, నీ మొహం చూడలేక చస్తున్నా" అని. ఆ మర్నాటి నుంచి వాళ్ళిద్దరూ మామూలుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

నొప్పి ఎలా ఉందంటే ఆవిడ చెప్పిన మాట ఇంకా చెవుల్లో ఉంది. "కొత్త కాయకి తొడిమలు తీసిన రోజు చేతులు మండుతాయి చూడండి. నూనె రాసినా పోదు, మజ్జిగలో పెట్టినా పోదు. ఆ మంట ఇప్పుడు కాళ్ళ లోపలుంది. కడుక్కోటానికి దొరకట్లా." మా ఆవిడకి ఇంకే పరీక్షా అక్కర్లేకపోయింది. నరాల మంటకి వేరే మాత్ర, దానితోపాటు మార్ఫిన్. భర్త భయపడ్డాడు, అలవాటైపోతుందేమోనని. "కానీవయ్యా! ఎన్నాళ్ళుంటానని అలవాటు మాన్పిస్తావు నాకు?" అంది ఆవిడ. మూడు రాత్రుల తరవాత మొదటిసారి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

ఇలాంటి మనిషిని స్ట్రెచర్ ఎక్కించడానికే ఆ అంబులెన్సు వచ్చింది.

అది వెనక్కి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఓనరమ్మ మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ కోసం కాదు, మా అమ్మ కోసం. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. ఆయన పోయాక కూడా చుట్టుపక్కల వాళ్ళు తిథి నక్షత్రాల కోసం మా అమ్మ దగ్గరకే వస్తారు. ఆవిడ పంచాంగం చూసి చెప్పేది తేడా పోదని పేరు.

ఓనరమ్మ విషయమంతా చెప్పి, "పిన్నిగారూ, వచ్చే వారంలో దోషం లేని రోజులేవో కాస్త చూసి పెట్టండి. ఆ రోజుల్లో ఇంట్లో ఉంచుతాను, మిగతా రోజుల్లో ఎక్కడికన్నా మార్చుకోమంటాను" అంది.

మా అమ్మ కళ్ళజోడు పెట్టుకోబోయి ఆగింది. "పోయినవాళ్ళకి నక్షత్రం చూస్తారు గానీ, బతికున్నదానికి చూస్తారుటే? ముహూర్తం పెట్టమంటావా ఏమిటి?"

"అట్టా కాదండీ..."

"మరెలాగ? మంచినీళ్ళు తాగి వెళ్ళు. ఆవిడ ఉన్నన్నాళ్ళు ఉండనీ."

మా అమ్మ శాస్త్రాన్ని కాదన్న మనిషి కాదు. ఇవాళ్టికీ వర్జ్యం చూడకుండా ఊరు దాటదు. అందుకే ఆవిడ మాట ఓనరమ్మ మీద పనిచేసింది. అంబులెన్సులు మళ్ళీ రాలేదు.

పంచకాలు మొదలయ్యాయి. ఓనరమ్మ రోజూ పొద్దున్నే మెట్లు దిగి కిటికీలోంచి చూసేది. పేషెంటు లోపలి నుంచి, "ఇంకా ఉన్నా లేవే, పోయి కాఫీ తాగు" అనేది. రెండో రోజో మూడో రోజో ఓనరమ్మ కిటికీ దగ్గర ఆగకుండా లోపలికి వచ్చింది. నేను మందుల సంచీ ఇవ్వడానికి వెళ్ళేసరికి మంచం పట్టె మీద కూర్చుని ఆవిడ జుట్టు చిక్కు తీస్తోంది.

"పెళ్ళి చీరలు మంగళగిరి నుంచి తెచ్చావంట కదే, చూపించవా?"

"నువ్వు ఈ నాలుగు రోజులూ గడవనియ్యి తల్లీ, అన్నీ తెచ్చి చూపిస్తా."

"అమ్మో, చీర చూపించటానికి కూడా నక్షత్రమే!"

ఇద్దరూ నవ్వారు. ఓనరమ్మ కళ్ళొత్తుకుంది. భయమూ ప్రేమా ఒకే మనిషిలో ఒకేసారి ఉంటాయని నేను కొత్తగా తెలుసుకోలేదు. కానీ ఆ రెండూ కలిసి జుట్టు దువ్వడం అప్పుడే చూశాను.

రేవతి దాటింది. ఓనరమ్మ చీరలు పట్టుకొచ్చి మంచం నిండా పరిచింది. గండం గడిచిందని వీధిలో అందరికీ చెప్పింది. మా ఆవిడ కూడా ఆ రోజు తేలిగ్గా నవ్వడం చూశాను. ఆవిడకి నక్షత్రాల లెక్క తెలియదు. పంచకం ఒక్కటే చెడ్డదనుకుంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తొడిమల ఆవిడ పోయింది. నొప్పి లేదు. భర్త పక్కనే ఉన్నాడు. ఎదురుగా మిల్లులో కారం ఆడుతున్నారు, వీధంతా తుమ్ములు. చివరి మాటలంటూ ఏమీ లేవు. పొద్దున ఎప్పుడో పప్పులో ఉప్పు ఎక్కువైందని భర్తని తిట్టింది, అదే చివరిది.

మా ఆవిడ ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుంది. గెలిచిన మనిషిలా ఉంది. ఎందుకుండకూడదు? ఆ ఇంట్లోనే, ఆ మంచం మీదే, తనకి కావలసినట్టే పోయింది మనిషి.

సాయంత్రం ఓనరమ్మ మళ్ళీ మా ఇంటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. పోయిన టైము చెప్పి, "దోషమేమీ లేదుగా పిన్నిగారూ?" అంది, లేదనే జవాబు కోసమే వచ్చినట్టు.

మా అమ్మ పంచాంగం తెరిచి చూసింది. మూసింది. "రోహిణి" అంది.

"అంటే?"

"రోహిణికీ దోషం ఉందమ్మా. ఇల్లు కొన్నాళ్ళు మూయమనే చెప్పారు పెద్దలు. మూస్తావో మూయవో నీ ఇష్టం."

ఓనరమ్మ వెళ్ళాక మా ఆవిడ గదిలోంచి బయటికి వచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ అలా మాట్లాడుకోవడం నేను అంతకు ముందు వినలేదు.

"అత్తయ్యా, ఆ ఒక్క మాట చెప్పకపోతే ఏం పోయేది? దోషం లేదంటే సరిపోయేదిగా. పోయినావిడ భర్త ఎక్కడికి పోతాడిప్పుడు?"

"నన్ను అడిగింది."

"అడిగితే?"

"నువ్వు నీ రోగులకి ఏం చెప్తావు? అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పనని ఈ ఇంట్లో అందరితోనూ దెబ్బలాడావు కదమ్మా. నీ ఆడపడుచుతో కూడా దెబ్బలాడావు. నీ నిజం నువ్వు చెప్పాలి, నా దగ్గరకొచ్చేసరికి నేను అబద్ధం ఆడాలిటే?"

"నా నిజం వల్ల ఎవరి ఇల్లూ పోలేదు."

"ఎంతమంది గుండెలు ఆగాయో నీకేం తెలుసు?"

"ఈ నక్షత్రం నిజమని ఎవరన్నారు అసలు?"

"నేను అన్నాను. నమ్ముతాను కాబట్టి అన్నాను. నమ్మకపోతే చెప్పేదాన్నే కాదు."

మా ఆవిడ నావైపు చూసింది. ఇద్దరి మాటలూ రెండు పక్కలా పెట్టి రాయడం నా వృత్తి. తీర్పు చెప్పడం నా పని కాదని ఇంట్లో కూడా అదే పాటించాను. ఇప్పుడైతే నా పక్షం చెబుతాను: నేను మా ఆవిడ పక్షమే. దోషం ఉందో లేదో నాకు తెలియదు. కానీ బతికున్న మనిషి మంచం ఎక్కడ ఉండాలో నిర్ణయించే హక్కు నక్షత్రానికి ఇచ్చిన రోజు, అదే హక్కు వెంటిలేటర్‌కీ ఇచ్చేశాం. ఈ రెండూ వేరువేరు మూఢత్వాలని నేను అనుకోను. ఒకటి పాతది, ఒకటి కొత్తది, అంతే తేడా. నా భార్య రెండింటికీ అడ్డం నిలబడింది. ఈ పనిలోకి ఎందుకు వచ్చిందని అడిగేవాళ్ళకి నా దగ్గర ఇంతకంటే జవాబు లేదు, ఇంతకంటే కావాలంటే నేను ఇవ్వను.

పెద్దకర్మ అయ్యాక ఓనరమ్మ పోర్షన్‌కి తాళం వేసింది. సామాను సర్దడానికి తనూ చెయ్యి వేసింది. పెళ్ళి ఫంక్షన్ హాల్లో చేసుకున్నారు. మమ్మల్ని పిలిచారు, మా అమ్మ ఒక్కతే వెళ్ళింది. భర్త కొన్ని వారాలు ట్రాలీ ఆటోలోనే పడుకున్నాడు. ఒంటరి మగమనిషికి ఇల్లు ఇచ్చేది లేదన్నారు చాలామంది. ఇప్పుడు వేటపాలెంలో, జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. ఒకసారి కనపడినప్పుడు మా ఆవిడని అడిగాడు, "ఆస్పత్రికి పంపించేసి ఉంటే నాకు ఇల్లు మిగిలేదిగా మేడం?" అని. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అడిగాడు. ఆవిడ, "అవును, మిగిలేది" అంది. అతను, "అది ఒప్పుకునేది కాదులెండి" అని వెళ్ళిపోయాడు.

అద్దె ఇళ్ళలోంచి వెళ్ళగొట్టిన రోగుల కోసం కొన్ని మంచాలతో ఒక ఇల్లు తీసుకోవాలని మా ఆవిడ అప్పట్నుంచి తిరుగుతోంది. కారు నేను నడుపుతున్నాను. ఇల్లు చూపించేటప్పుడు అందరూ మర్యాదగానే ఉంటారు. దేనికని అడుగుతారు. ఆవిడ అబద్ధం చెప్పదు. ఒక ఇంటాయన స్వయంగా డాక్టరు, ఆయన కూడా ఇంట్లో అడిగి చెప్తానన్నాడు, చెప్పలేదు.

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలో పనిచేసిన ఒకాయన ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో గడ్డ. ఒంటిగది అద్దె ఇల్లు. ఉగాది లోపల ఖాళీ చెయ్యాలని ఓనరు చెప్పాడు. మా ఆవిడ వెళ్ళి మాట్లాడి వచ్చింది. ఓనరు మాట మార్చలేదు. ఇల్లు మాకింకా దొరకలేదు.